చెరువు మీద ఒక కన్ను

ట్రౌట్ చేప మౌలాలిలో బతకదు. దానికి చన్నీళ్లు కావాలి. కొండల మీద మంచు కరిగో, నేల లోపలి ఊటల నుంచి ఉబికో, గులకరాళ్ల మీదుగా పారే తేట నీళ్లు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటిందంటే అది ఒగరుస్తుంది, 25 దాటితే ప్రాణం నిలవడమే కష్టం. హైదరాబాద్‌లో మా మౌలాలి గుట్ట బండల మీద మే నెల మధ్యాహ్నం కాలు మోపలేం. గుట్టకు చుట్టుపక్కల ఉన్న కాప్రా చెరువు, రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు, మల్కాజిగిరి బండ చెరువు ఆ ఎండలో వేడెక్కి మందంగా, పచ్చగా నిలిచిపోయి ఉంటాయి. అయినా ట్రౌట్‌తోనే మొదలుపెడుతున్నాను. ఆ చేపను గాలంతో పట్టేవాళ్లు తరతరాలుగా పెంచుకున్న అలవాటు ఒకటి ఉంది. నీళ్ల గట్టున ఓపిగ్గా నిలబడి, మళ్లీ మళ్లీ వచ్చి, నీళ్లను చూడటమే ఆ అలవాటు. మన చెరువులకు ఇవాళ అన్నిటికంటే ముందు కావలసింది అదేనని నా నమ్మకం.

మన గాలం సంగతి అందరికీ తెలిసిందే. వెదురు కర్ర, దారం, బెండు, కొక్కెం, కొక్కేనికి వానపామో పిండిముద్దో. ట్రౌట్‌కు వేసే ఈకల గాలాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. అందులో బెండూ వానపామూ పిండిముద్దా ఉండవు. చిన్న కొక్కేనికి కోడిపుంజు మెడ ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం చుట్టి ఒక పురుగు ఆకారం తయారు చేస్తారు. దానికి బరువనేదే ఉండదు కాబట్టి విసిరితే దూరం పోదు. అందుకని దారాన్నే బరువుగా చేశారు. ఆ దారాన్ని తల మీదుగా ముందుకీ వెనక్కీ ఊపి ఊపి వదిలితే, అదే ఈకల పురుగును మోసుకుపోయి నీళ్ల మీద మెత్తగా దించుతుంది. నిజం పురుగు వాలినట్టే వాలాలి. ఏమాత్రం చప్పుడైనా ట్రౌట్ పారిపోతుంది.

ఇంతకీ ఏ పురుగును పోలిన ఈకలు కట్టాలి? అసలు విద్య ఇక్కడుంది. ఏటిలో ఆ వారం ఏ పురుగు రెక్కలు విప్పుతోందో ట్రౌట్ దాన్నే తింటుంది. కాబట్టి గాలం వేసేవాడు ముందుగా నీళ్లలోకి దిగి రాళ్లు తిరగేసి చూడాలి. రాయి అడుగున మేఫ్లై పిల్లలు కరుచుకొని ఉంటాయి. మేఫ్లై బతుకంతా నీళ్లలోనే. ఏడాది దాకా రాళ్ల కింద పెరిగి, ఒక సాయంత్రం రెక్కలతో పైకి లేచి, జతకట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. నీళ్లలోకి మురుగు వచ్చినా, మందు కలిసినా, పైనుంచి ఒండ్రు కొట్టుకొచ్చి రాళ్ల సందులు పూడినా ముందుగా చచ్చేవి ఈ పురుగులే. చేపలు తర్వాత చస్తాయి, మనుషులు ఇంకా తర్వాత గమనిస్తారు. ఫ్లై ఫిషింగ్ చేసేవాడు మాత్రం ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే నిలబడి ఉంటాడు. బ్రిటన్‌లో చాలా ఏళ్లుగా గాలం సంఘాలవాళ్లు నెలకోసారి తమ ఏటిలో ఎనిమిది రకాల పురుగులను లెక్కపెట్టి రాసిపెడుతున్నారు. ఆ లెక్క ఒక హద్దుకు దిగువన పడగానే ప్రభుత్వ పర్యావరణ శాఖకు కబురు వెళుతుంది. ఎక్కడో పైన ఎవరో ఏదో వదిలారని అర్థం. సరదా కోసం ఏటికి వచ్చినవాళ్లే ఏటికి కాపలాదారులయ్యారు.

మా అన్న కొడుకు ఉద్యోగరీత్యా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఉత్తరంగా గ్రేలింగ్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. ఆ ఊరిని ఒరుసుకుంటూ ఆసేబుల్ అనే నది పారుతుంది. అందులో కొన్ని మైళ్ల మేర నీళ్లను అక్కడివాళ్లు పవిత్ర జలాలని పిలుచుకుంటారు. ఆ మేరలో ఈకల గాలం తప్ప మరొకటి వేయకూడదు, పట్టిన చేపను వదిలేయాలి. మేం వెళ్లిన రోజున గట్టు మీద ఎవరూ గాలం వేయడం లేదు. పది పన్నెండుమంది మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, గట్టు కోసుకుపోతున్న చోట దుంగలు అమరుస్తున్నారు. దుంగ అడ్డం పడితే నీళ్ల జోరు తగ్గి గట్టు నిలుస్తుంది, దాని నీడన చేప దాక్కుంటుంది. ఒడ్డున ఒక పెద్దావిడ థర్మామీటరు నీళ్లలో ముంచి తీసి, పుస్తకంలో రాసుకుంటోంది. నీళ్లు వేడెక్కిన రోజుల్లో గాలమే వేయరట. గాలానికి చిక్కి గింజుకున్న చేప వేడి నీళ్లలో తేరుకోలేదు కాబట్టి, వదిలేసినా చచ్చిపోతుంది. నిషేధం ఎవరూ పెట్టనక్కర లేకుండా, తమ సరదాకు తామే సెలవిచ్చుకుని దుంగలు మోస్తున్న ఆ మనుషుల్ని చూశాక గాలం మీద నా అభిప్రాయమే మారింది.

ఆ ఊరికి గ్రేలింగ్ అన్న పేరు ఒక చేప నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆ నది నిండా గ్రేలింగ్ చేపలే. పంతొమ్మిదో శతాబ్దంలో కలప కోసం అడవులు నరికి, దుంగల్ని నది మీదుగా తోలారు. ఆ దుంగలు చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లను దున్నేశాయి, చెట్లు పోయి నీళ్లు వేడెక్కాయి, పట్టేవాళ్లు పట్టినంత పట్టారు. 1930ల నాటికి మిషిగన్‌లో గ్రేలింగ్ మిగల్లేదు. ఊరికి పేరిచ్చిన చేప ఊళ్లో లేకుండా పోయింది. 1959లో అదే నది ఒడ్డున పదహారుమంది గాలంవాళ్లు కూర్చొని ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంఘం పెట్టారు. వాళ్ల మొదటి వాదన నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. అప్పట్లో ప్రభుత్వం తొట్లలో పెంచిన ట్రౌట్‌ను తెచ్చి నదిలో వదిలి, అదే రక్షణ అనుకునేది. వీళ్లు అడ్డం తిరిగారు. చేపలు పోయకండి, నది బాగుంటే చేపలు వాటంతట అవే పుడతాయి, డబ్బు నది మీద పెట్టండి అన్నారు. ఆ పదహారుమంది సంఘం ఇప్పుడు లక్షల మందిది.

మన దేశానికి ట్రౌట్ అతిథిగా వచ్చింది. 1899లో బ్రిటన్ నుంచి కశ్మీరుకు పంపిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో మళ్లీ పంపినవి బతికి శ్రీనగర్ పక్కన హార్వన్‌లో పిల్లలయ్యాయి. దక్షిణాన నీలగిరి వాగుల్లో 1860ల నుంచి ప్రయత్నాలు చేసి, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో నిలబెట్టారు. ఆ తర్వాత మున్నారు తేయాకు తోటల దొరలు తమ వాగుల్లో వేసుకున్నారు. నీలగిరుల కోసం 1879లోనే వేట, చేపల రక్షణకు చట్టం తెచ్చారు. 1897 నాటి భారత మత్స్య చట్టం మందుగుండుతోనూ విషంతోనూ చేపలు చంపడాన్ని నేరం చేసింది. ఈ చరిత్రలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. రక్షణ అనే ఆలోచన వచ్చింది, కానీ అది దొరల క్లబ్బుకే పరిమితమైంది. ఆ వాగుల మీద తరాలుగా బతికినవాళ్లకు అందులో చోటు లేకపోయింది. మన దగ్గర ఇప్పుడు ఎవరైనా ట్రౌట్ అన్‌లిమిటెడ్ లాంటి సంఘం పెడితే ముందు గుర్తుంచుకోవలసిన పాఠం ఇది.

రెండో పాఠం కావేరి నేర్పింది. కావేరిలో మూపురం ఉన్న మహసీర్ అనే చేప ఒకటి ఉంది. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి పడిన 120 పౌండ్ల మహసీర్ పేరు ప్రపంచమంతా గాలంవాళ్లకు తెలుసు. ఆనకట్టలు, మందుగుండు వేట వల్ల మహసీర్ తగ్గిపోతోందని, లోనావాలా హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను ఏళ్ల తరబడి తెచ్చి వదిలారు. మంచి మనసుతోనే చేశారు. కానీ ఆ నీలిరెక్కల చేప కావేరిది కాదు. అది పెరిగింది, అసలు కావేరి చేప తరిగింది. ఈ సంగతి బయటపెట్టింది గాలం శిబిరంలోని లెక్కల పుస్తకమే. 1998 నుంచి 2012 దాకా గాలిబోరె శిబిరంలో ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ రకం పడింది, ఎంత బరువుంది అని రాసిపెట్టిన ఆరు వేలకు పైగా చేపల వివరాలను శాస్త్రవేత్తలు పరిశీలించి, 2015లో ప్రచురించారు. నూటయాభై ఏళ్లుగా లోకమంతా పొగిడిన మూపురం మహసీర్‌కు శాస్త్రీయ నామం ఏమిటో 2018 దాకా తేలనే లేదు. తేలిన ఏడాదే అది అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. ప్రేమ ఒక్కటే ఉంటే చాలదని కావేరి చెప్పింది. ఆ ప్రేమ పక్కనే ఒక నోటు పుస్తకం ఉండాలని కూడా చెప్పింది.

ఇప్పుడు మన చెరువుల దగ్గరకు వద్దాం. ట్రౌట్ సున్నితమైనది. నీళ్లు కాస్త చెడగానే చస్తుంది, చచ్చి మనకు చెబుతుంది. మన చేపలు అలాంటివి కావు. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమీనునే చూడండి. పల్లెల్లో కొర్రమట్ట అంటారు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదానికి వాడేదీ దాని పిల్లనే. దానికి నీళ్లలోని గాలి చాలకపోతే పైకి వచ్చి నోటితో గాలి పీలుస్తుంది. చెరువు ఎండితే బురదలో దూరి వానకోసం కాచుకుంటుంది. మార్పు చేపలు కూడా అంతే. ఇవి గట్టి ప్రాణాలు. ఆ గట్టిదనం గొప్పదే, కానీ దాన్ని చూసి మనం మోసపోతున్నాం. మురుగు నిండిన చెరువులో కూడా చేప ఎగిరిందంటే, చెరువు బతికే ఉందనుకుంటాం. బయటి దేశాల నుంచి వచ్చిన తిలాపియా, నిషేధం ఉన్నా దొంగచాటుగా పెరుగుతున్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మురుగులోనే బలుస్తాయి. మన చేప ఓర్చుకుంటుందే గానీ ఫిర్యాదు చెయ్యదు. కాబట్టి ఫిర్యాదు చేయవలసిన బాధ్యత మన మీదే పడుతుంది.

దానికోసం వేరే గుర్తులు తెలుసుకోవాలి. గట్టు వారన పరిగె చేపల గుంపు తిరుగుతోందా? తూనీగలు ఎన్ని రకాలు ఎగురుతున్నాయి? తూనీగ పిల్ల కూడా మేఫ్లై పిల్లలాగే నీళ్లలో పెరిగేదే. గుర్రపుడెక్క పోయిన నెల ఎంత మేర ఉంది, ఈ నెల ఎంత పరుచుకుంది? తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? పగలు నీటి మొక్కలూ నాచూ ఎండలో ఊపిరి గాలిని తయారుచేస్తాయి, రాత్రి అవే దాన్ని తాగేస్తాయి. మురుగు ఎక్కువైన చెరువులో నాచు దట్టంగా పెరుగుతుంది, కాబట్టి రాత్రంతా తాగేదీ ఎక్కువే. తెల్లారేసరికి నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. చెరువు నిజమైన ఆరోగ్యం తెలిసేది ఆ గంటలోనే. ఆ గంటలో చెరువు దగ్గర ఉండేవాళ్లు ఇద్దరే. వాకింగ్‌కు వచ్చేవాళ్లు ఒకరు, గాలం వేసేవాళ్లు ఇంకొకరు. వాకింగ్‌కు వచ్చేవాళ్లు చెరువు చుట్టూ తిరుగుతారు. గాలంవాళ్లు మాత్రం చెరువునే చూస్తూ కూర్చుంటారు.

మౌలాలి డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు నాకు చెరువు గట్టునే పరిచయం. ఆయన చేతిలో ఫైబర్ రాడ్డూ రీలూ ఉన్నా కొక్కేనికి గుచ్చేది మాత్రం గోధుమ పిండే. పడిన చేపలను ఆయన ఇంటికి తీసుకుపోరు. ఈ నీళ్ల చేప తినకూడదని ఆయనకు బాగా తెలుసు. మరి ఎందుకు వస్తారని అడిగితే చెప్పిన మాట ఇది: "చేప కోసం వస్తలేను తమ్మీ. నీళ్లు ఎట్లున్నయో చూడకపోతే నాకు పొద్దు పోదు. మొన్న మబ్బుల వస్తే పిల్ల చేపలన్ని పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. అటు నాలా పక్కకు పోయి చూసిన. రాత్రి ట్యాంకర్ వచ్చినట్టుంది, టైర్ల గుర్తులున్నయ్." ఆ గుర్తులు ఎండెక్కేలోపే చెరిగిపోయి ఉంటాయి. మున్సిపాలిటీ వాళ్లు వచ్చేసరికి ఏమీ ఉండదు. ఆ చెరువు మీద ఆ తెల్లవారుజామున ఉన్న కన్ను ఆయనది ఒక్కటే.

ఆయన మాటలు విన్నప్పుడల్లా నాకు మన ఊళ్ల నీరటి గుర్తుకొస్తాడు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము ఎత్తేదీ దించేదీ, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసేదీ, రాత్రి వానలో కందిలి పట్టుకొని కట్ట మీద నడిచి ఎక్కడ ఊట పడిందో కనిపెట్టేదీ నీరటే. పంట చేతికొచ్చాక కళ్లంలో అతని వాటా అతనికి కొలిచేవారు. చెరువును తవ్వించిన రాజుల పేర్లు శాసనాల్లో ఉంటాయి. చెరువును నిలబెట్టిన నీరటి పేరు ఎక్కడా ఉండదు. మా మౌలాలి దర్గా ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. హుస్సేన్‌సాగర్ కూడా ఆయన హయాం లోనిదే. నాలుగున్నర శతాబ్దాలు ఈ నేల మీద చెరువులు నిలిచాయంటే, ప్రతి కట్ట మీదా రోజూ ఎవరో ఒకరు నడిచారు కాబట్టే నిలిచాయి. నగరం పెరిగి మడులు పోయాక నీరటి అవసరం తీరిపోయిందనుకున్నాం. చెరువు నీళ్లు మురుగయ్యాక, లీజు తీసుకుని చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజుల సంఘాలకు గిట్టుబాటు పోయింది. వాళ్లూ నెమ్మదిగా దూరమయ్యారు. ఆ విధంగా చెరువు మీది రెండు కళ్లూ మూతపడ్డాయి. ఆ తర్వాతే కబ్జాలు, ఆ తర్వాతే మట్టి లారీలు, ఆ తర్వాతే ట్యాంకర్లు. ఈ వరుస యాదృచ్ఛికం కాదు.

చెరువుల పునరుద్ధరణ జరగడం లేదని నేను అనను. మిషన్ కాకతీయ పథకం పల్లెల్లో వేల చెరువుల పూడిక తీసింది. 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా అంబర్‌పేటలో కనిపించకుండా పోయిన బతుకమ్మ కుంటను తవ్వి బయటికి తెచ్చింది. 2025 సెప్టెంబరులో అక్కడ మళ్లీ నీళ్లు చూశాం. అది చూసి సంతోషించని హైదరాబాదీ ఉండడు. కానీ చెరువు తవ్వడం ఒకసారి చేసే పని, దాన్ని చూసుకోవడం రోజూ చేయవలసిన పని. మొదటి పనికి ప్రభుత్వం, యంత్రాలు, నిధులు కావాలి. రెండో పనికి చుట్టుపక్కల మనుషులు కావాలి. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా బొచ్చె, రవ్వ లాంటి చేపపిల్లలను వదులుతోంది. పల్లె చెరువు మీద బతికే కుటుంబాలకు అది ఆసరా, అందులో సందేహం లేదు. నగరంలో మాత్రం పిల్లలను వదిలి ఫొటో దిగినంత మాత్రాన చెరువు బాగుపడదు. ఆసేబుల్ ఒడ్డున ఆ పదహారుమంది 1959లో చెప్పింది ఇక్కడా నిజమే. 2017లో నగర శివారులోని గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు కుప్పలుగా తేలినప్పుడు అక్కడ లేనిది చేపపిల్లలు కావు, బతకదగిన నీళ్లు.

చేప నడిచే దారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. తొలకరి వానకు మత్తడి పారినప్పుడు చేపలు ఎదురెక్కుతాయి. పారే కాలువలో వెండిలా మెరుస్తూ పైకి ఎగబాకే పరిగెలను చూసిన బాల్యం నా తరానికి ఇంకా గుర్తుంది. ఇప్పుడు చెరువుకూ చెరువుకూ మధ్య కాలువ మీద కాలనీలు లేచాయి, మిగిలిన కాలువను స్లాబు వేసి మూశారు. చేపకు దారి లేదు, వరద నీటికీ దారి లేదు. అదే వరద ప్రతి వానాకాలం మన సెల్లార్లలోకి వస్తోంది. గోదావరి మీద ఇది పెద్ద ఎత్తున జరిగింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. డెల్టా అన్నపూర్ణ అయింది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే పులసకు మాత్రం దారి మూసుకుపోయింది. ఆనకట్టల వల్ల ఇలాంటి చేపలకు కలుగుతున్న నష్టాన్ని 1873లోనే మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే తన నివేదికలో ప్రభుత్వానికి విన్నవించాడు. అమెరికాలో కెనెబెక్ నది మీద 1837 నాటి ఎడ్వర్డ్స్ డ్యామును 1999లో తీసేశారు. తీయించడానికి పోరాడిన సంఘాల్లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ ఒకటి. నూటఅరవై ఏళ్లు ఆగిపోయిన చేపలు కొన్నేళ్లలోనే లక్షల కొద్దీ ఎదురెక్కాయి. ధవళేశ్వరాన్ని ఎవరూ తీయమనరు, తీయకూడదు కూడా. కానీ కాప్రా నుంచి మూసీ దాకా ఉన్న గొలుసులో తెగిన కాలువలు కొన్నయినా తెరవలేమా?

చేపను సరదాకు గాలంతో గుచ్చి బాధపెట్టడం పాపం కాదా అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. చేపకు బాధ లేదని నేను వాదించను. అందుకే ముళ్లు లేని కొక్కెం వాడాలి, తడిచేత్తోనే పట్టాలి, పొడిచేత్తో పడితే దాని ఒంటి జిగురు పోయి రోగం పడుతుంది, నీళ్ల బయట క్షణం కూడా ఎక్కువ ఉంచకూడదు. తిండికోసం పట్టేవాళ్లు కావలసినంతే పట్టాలి. వానాకాలంలో కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపును కాచుకుంటూ అక్కడక్కడే తిరుగుతుంది. పిల్లల జోలికి వచ్చేదాని మీద కోపంగా ఎగబడుతుంది కాబట్టి ఆ సమయంలో గాలానికి సులువుగా దొరుకుతుంది. ఆ చేపను పట్టడమంటే ఆ గుంపునంతా చంపడమే. దాన్ని ఎవరూ, ఏ కారణానా పట్టకూడదు. ఇంత జాగ్రత్త తీసుకున్నా గాలం వద్దనేవాళ్లు గాలం లేకుండానే గట్టున కూర్చోవచ్చు. నేను కోరేది గాలం కాదు, కన్ను. అయితే ఒక మాట నిజం. చెరువుకు చేసే అసలైన హింస కొక్కెంతో జరగడం లేదు, మన ఇళ్ల మురుగు పైపులతో జరుగుతోంది. ఒక కొర్రమీను నోటికి గుచ్చుకున్న కొక్కేన్ని చూసి కలిగిన జాలి, చెరువు మొత్తానికి ఊపిరాడకుండా చేస్తున్న పైపును చూసినప్పుడూ కలగాలి.

మౌలాలిలో చెరువులను కనిపెట్టుకుని ఉండే సంఘం ఒకటి పెట్టాలని నా కోరిక. దానికి మెంబర్‌షిప్ ఫీజూ యూనిఫాం టోపీలూ అక్కర్లేదు. చెరువు మీద మొదటి హక్కు ఉన్న మత్స్యకార సంఘంవాళ్లు ముందు వరుసలో ఉండాలి. వాళ్లకు తెలిసినంత చెరువు మనకెవరికీ తెలియదు. రైల్వే క్వార్టర్ల రిటైర్డు ఉద్యోగులు, హౌసింగ్ బోర్డు కాలనీ ఆడవాళ్లు, ఈసీఐఎల్ వైపు నుంచి వచ్చే ఇంజనీర్లు, బడిపిల్లలు అందరూ ఒకే గట్టు మీద కూర్చోవాలి. ఆదివారం పొద్దున్నే అరగంట చాలు. నీటి రంగు, వాసన, గుర్రపుడెక్క మేర, తూనీగలు, పరిగెలు, చేపలు నోళ్లు తెరుస్తున్నాయా లేదా, కొత్తగా కలిసిన పైపు ఏదైనా ఉందా, చెరువు నిండు మట్టం (ఎఫ్‌టీఎల్) హద్దురాయి ఉన్నచోటే ఉందా, ఇవన్నీ తేదీతో సహా పుస్తకంలో రాయాలి. పిల్లలు వల లాంటి జల్లెడతో ఒడ్డు బురద నీళ్లు వడగట్టి అందులో ఏ పురుగులున్నాయో చూడాలి. బడిలో జీవశాస్త్రం పాఠం అప్పుడు నిజంగా పాఠమవుతుంది. నగర చెరువుల కోసం ఇప్పటికే కోర్టుల్లోనూ వీధుల్లోనూ పోరాడుతున్నవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్ల చేతికి ఇలాంటి పుస్తకం అందితే ఆ పోరాటానికి బలం పదింతలవుతుంది. ఎందుకంటే అధికారి ముందు ఆవేదన నిలవదు, తేదీలతో రాసిన లెక్క నిలుస్తుంది. కావేరి మహసీర్ కథను తేల్చింది అలాంటి లెక్కే.

మీ ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక చెరువో కుంటో ఉండే ఉంటుంది. ఒకప్పుడు ఉండి ఇప్పుడు పేరు మాత్రమే మిగిలితే, దాని మత్తడి ఎటు పారేదో మీ వీధిలోని పెద్దవాళ్లను అడగండి. ఉంటే, వచ్చే ఆదివారం తెల్లవారకముందే వెళ్లండి. గాలం ఉంటే తీసుకెళ్లండి, లేకపోయినా ఫరవాలేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను మాత్రం మరచిపోకండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. అరగంట నీళ్లను చూసి, చూసింది రాసి, తేదీ వేయండి. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లండి. చెరువును కాపాడటానికి అన్నిటికంటే ముందు చేయవలసిన పని అది, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా చేయగలిగిన పని కూడా అదే.